దూరం నుంచి చేసే పరామర్శ

 

 

మన జమాఅత్ బిడ్డ ఒకడు మూడు మాసాలకు పైబడి వేలూరులో ఉన్నాడు. పేరు చెప్పవలసిన అవసరం లేదు. తెలిసినవారికి తెలుసు, తెలియనివారికి తెలియజేయవలసిన పని లేదు. అతని ఎముకలలోని మూలుగ రక్తాన్ని తయారు చేయటం మానివేసింది. సొంత చెల్లెలి మూలుగను తీసి అతనికి ఎక్కించారు. అల్‌హమ్దులిల్లాహ్, అది అతని ఒంట్లో కుదురుకున్నది. వచ్చే నెలలో అతను రాజోలికి తిరిగి రానున్నాడు. ఈ వార్త విని ఊరంతా సంతోషించింది. మాకూ సంతోషమే. దానితో పాటే ఒక భయమూ ఉన్నది. ఆ బిడ్డ ఆసుపత్రిలో తప్పించుకున్న ప్రమాదం మన వీధిలో, మన ప్రేమ వల్లనే, మళ్ళీ అతనికి ఎదురు కాగలదు. ఈ శుక్రవారం ఆ విషయమే మాట్లాడదలచాము.

మూలుగ మనకు కొత్త మాట కాదు. బక్రీదు నాడు నల్లీ ఎముక ఎవరి పళ్లెంలో పడుతుందా అని ఇళ్లలో పిల్లలు పోట్లాడుకుంటారు. ఆ నల్లీయే మూలుగ. వైద్యులు ఎముక మజ్జ అంటారు. మన శరీరంలో ప్రవహించే రక్తకణాలు పుట్టేది అక్కడే. ఒంటికి బలమిచ్చే ఎర్రకణాలు, జబ్బులతో పోరాడే తెల్లకణాలు, గాయం తగిలితే రక్తాన్ని ఆపే ప్లేట్‌లెట్లు, అన్నీ ఆ ఎముకల లోపలి నుంచే వస్తాయి. ఆ ఊట ఎండిపోతే మనిషి పాలిపోతాడు, చిన్న జ్వరానికే కూలిపోతాడు, చిగుళ్ల నుంచి కారే రక్తం ఆగదు.

అటువంటి వారికి మరొకరి మూలుగను ఎక్కించే వైద్యం ఒక్కనాటిలో రాలేదు. అమెరికా వైద్యుడు డొనాల్ థామస్ 1957లో తన తొలి ప్రయత్నాల ఫలితాలు ప్రకటించారు. ఆ రోగులెవరూ ఎక్కువ కాలం బతకలేదు. ఎందరో వైద్యులు ఇది కాని పని అని వదలివేశారు. ఆయన వదలలేదు. 1990లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. మన దేశంలో 1983లో ముంబయిలోని టాటా మెమోరియల్ ఆసుపత్రిలో ఈ చికిత్స విజయవంతమైనది. 1986లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో ఆరంభమైనది. ప్రతి జబ్బుకూ అల్లాహ్ మందును కూడా సృష్టించాడని, చికిత్స చేయించుకోండని దైవప్రవక్త (స) పల్లెవాసులకు బోధించారు. ఆ మందును వెదికే ఓర్పును అల్లాహ్ ఏ మతం వారికి ప్రసాదించినా అది ఆయన కారుణ్యమే. వేలూరు ఆసుపత్రిని 1900లో ఒకే ఒక్క మంచంతో మొదలుపెట్టినది ఐడా స్కడర్ అనే క్రైస్తవ వనిత. ఒకే రాత్రి ముగ్గురు స్త్రీలు ప్రసవ వేదనతో మరణించటం ఆమెను వైద్యవిద్య వైపు నడిపించిందని ఆమె జీవితచరిత్రలు చెబుతాయి. మగ వైద్యుడు చూడరాదని ఆ ఇళ్లవారు పట్టుబట్టారు. ఆ ముగ్గురిలో ఒకరు ముస్లిం స్త్రీ. పట్టుదలను ధర్మమని పొరబడితే ప్రాణం పోతుందని తెలియటానికి ఆ ఒక్క రాత్రి చాలదా?

ఇక అసలు మాట. మూలుగ ఎక్కించే రోజును వైద్యులు సున్నా రోజు అంటారు. అంతకు ముందు కొన్ని దినాలు బలమైన మందులిచ్చి రోగి పాత మూలుగను పూర్తిగా తుడిచివేస్తారు. తర్వాత కొత్త మూలుగను రక్తం ఎక్కించినట్టే సన్నని గొట్టం గుండా ఎక్కిస్తారు. చూడటానికి అదేమంత పెద్ద తంతు కాదు. ఆ కణాలు తమ దారి తామే వెదుక్కొని ఎముకలలోకి చేరుకుంటాయి. ఎవరు దారి చూపారు వాటికి? సుబ్‌హానల్లాహ్! అవి వేరూని కొత్త రక్తం పుట్టించటానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. ఆ వారాలలో రోగికి రోగాలను ఎదిరించే శక్తి ఏ మాత్రమూ ఉండదు. అందుకే ఒంటరి గదిలో ఉంచుతారు. అది గడిచాక కూడా సుమారు నూరు రోజుల వరకు ఆసుపత్రికి దగ్గరలోనే ఉండమంటారు. చెల్లెలి కణాలు అన్న శరీరాన్ని పరాయిదిగా భావించి దాడి చేయవచ్చు. చర్మం, పేగులు, కాలేయం దెబ్బతినవచ్చు. దానిని అణచటానికి ఇచ్చే మందులే అతని రక్షణశక్తిని మాసాల తరబడి తగ్గించి ఉంచుతాయి. పసితనంలో వేసిన టీకాల ప్రభావం కూడా క్రమంగా చెరిగిపోతుంది. ఇరవై నాలుగేళ్ల యువకుడికి పసిబిడ్డల టీకాలు మళ్ళీ మొదటి నుంచి వేయవలసి వస్తుంది. సోదరులారా, మన మధ్యకు తిరిగి రానున్నది గడ్డం వచ్చిన ఒక పసిబిడ్డ అని భావించండి.

ఈ నూరు రోజులు అతను ఎక్కడ గడిపాడు? నాలుగు వందల కిలోమీటర్లకు పైబడిన దూరంలో, భాష రాని ఊరిలో, ఆసుపత్రి చుట్టుపక్కల వీధుల్లో రోగుల కోసమే అద్దెకిచ్చే ఒక ఇరుకు గదిలో. తల్లి అక్కడే పొయ్యి మీద నీళ్లు కాచి, చల్లార్చి, వడపోసి ఇచ్చింది. పళ్లెం కూడా వేడినీటిలో కడిగింది. కాట్‌పాడి స్టేషన్లో దిగిననాడు ఆమెకు తమిళం ఒక్క ముక్క రాదు. ఉర్దూ తెలిసిన కూరగాయల వ్యాపారి ఒకరు, చిత్తూరు వైపు తెలుగు మాట్లాడే నర్సు ఒకరు ఆమెకు లోకమయ్యారు. పరాయి ఊరు అంటే ఏమిటో రాజోలివారికి మేము వివరించాలా? 2009 అక్టోబరులో తుంగభద్ర మన ఇళ్లలోకి వచ్చింది. సుంకేసుల వైపు నుంచి వచ్చిన ఆ నీటికి గోడలు కూలాయి, ధాన్యం కుళ్లింది, మగ్గాలు బురదలో కూరుకుపోయాయి. ఆనాడు మనం ఇతరుల చూరు కింద తలదాచుకున్నాము. ఎవరో వండిన అన్నం తిన్నాము. ఆ తల్లి స్థితి ఊహించటానికి ఆ జ్ఞాపకం ఒక్కటి చాలు.

ఆ బిడ్డ అక్కడి నుంచి ఫోనులో మమ్మల్ని కొన్ని మసాయిల్ అడిగాడు. ఒంట్లో శక్తి లేనప్పుడు కూడా నమాజు గురించి అడిగే యువకులు ఉన్నారని తెలిసి మా హృదయం నిండింది. ఆ సమాధానాలు మీకు కూడా ఉపయోగపడతాయి.

తాను ప్రయాణికుణ్ణి గనుక ఖస్ర్ చేయవచ్చునా అని మొదట అడిగాడు. మన హనఫీ మార్గంలో ఒక ఊరిలో పదిహేను రోజులు లేదా అంతకు మించి ఉండాలని నిశ్చయించుకున్నవాడు ప్రయాణికుడు కాడు, ఆ ఊరి నివాసి. నూరు రోజులు ఉండమని వైద్యులు ముందే చెప్పారు గనుక అతను నాలుగు రకాతులూ చదవాలి. నిలబడలేకపోతే కూర్చొని, కూర్చోలేకపోతే పడుకొని సైగలతో చదవవచ్చు. మనసు ఇంటి మీద ఉన్నా ధర్మశాస్త్రం అతణ్ణి వేలూరు నివాసిగానే లెక్కించింది. ఆ మాట విని అతను నవ్వి, అయితే అక్కడ రేషన్ కార్డు కూడా ఇప్పించండి హజ్రత్ అన్నాడు.

వుజూ సంగతి ఇంకా కష్టమైనది. ఛాతీ దగ్గర గొట్టం అమర్చి ఉన్నది. ఆ కట్టు తడవరాదు. కట్టు మీద తడిచేతితో మసహ్ చేయవచ్చు, దానికి కూడా అపాయముంటే అదీ తప్పనిసరి కాదు. నీరే హాని చేస్తుందని వైద్యులు చెప్పిన రోజున తయమ్ముమ్ ఉన్నది. కాని మట్టిని తాకవద్దని వైద్యుల కఠిన ఆజ్ఞ. మట్టిలోని బూజు ఊపిరితిత్తుల్లోకి పోతే అటువంటి రోగి బతకటం కష్టం. మరి తయమ్ముమ్ దేనితో? ఇమామ్ అబూ హనీఫా (రహ్మతుల్లాహి అలైహి) గారి అభిప్రాయం ప్రకారం శుద్ధమైన రాయి చాలు, దాని మీద ధూళి ఉండనవసరం లేదు. కడిగిన రాయి అయినా చెల్లుతుంది. కాబట్టి ఒక చిన్న కడప బండ ముక్కను వేడినీటితో కడిగి, ఆరబెట్టి, శుభ్రమైన బట్టలో చుట్టి ఉంచుకొమ్మని చెప్పాము. పన్నెండు వందల ఏళ్ల నాటి ఫిఖ్‌లో ఈ రోగికి అవసరమైన సౌలభ్యం సిద్ధంగా ఉన్నది చూడండి.

గొట్టం మూసుకుపోకుండా వాడే హెపారిన్ అనే మందును పందిపేగుల నుంచి తీస్తారని ఎవరో అతణ్ణి భయపెట్టారు. అది నిజమే. ప్రాణావసరంలో, నమ్మకమైన వైద్యుడు దానికి బదులు మరొకటి లేదన్నప్పుడు, ధర్మం దానిని అనుమతిస్తుంది. రమజాను ఉపవాసాల విషయంలో దివ్య ఖుర్‌ఆన్ రెండవ సూరాలోనే రోగికి ఇతర దినాలలో లెక్క పూర్తి చేసుకొమ్మని అనుమతి ఉన్నది. గంట లెక్కన మింగవలసిన మందులను మానేసి ఉపవాసముండటం భక్తి కాదు.

ఇప్పుడు అతను ఇంటికి వచ్చే రోజు గురించి ఆలోచిద్దాం. మన ఊరి మర్యాద మనకు తెలుసు. హజ్ నుంచి వచ్చినా, గల్ఫ్ నుంచి వచ్చినా, ఆసుపత్రి నుంచి వచ్చినా వీధి వీధంతా ఎదురు వెళుతుంది. ముసాఫహా, ముఆనఖా, మెడలో గులాబీ దండ, మంచం మీద పక్కనే కూర్చోవటం, నోటికి మిఠాయి అందించటం. రోగిని పరామర్శించటం ముస్లింకు ముస్లింపై ఉన్న హక్కులలో ఒకటి. తన దాసుడు జబ్బుపడినప్పుడు పరామర్శించనివాణ్ణి ప్రళయ దినాన అల్లాహ్ స్వయంగా నిలదీస్తాడన్న హదీసు మీరు ఎన్నోసార్లు విన్నారు. దానిని ఈ మింబర్ మీది నుంచి చెప్పినవారమూ మేమే. ఇప్పుడు అదే మింబర్ మీది నుంచి ఆ ఇంటి గడప దాటవద్దని చెబుతున్నాము. ఇందులో వైరుధ్యం లేదు. పరామర్శ రోగి హక్కు, మన హక్కు కాదు. అతని మేలు కోసం ఏర్పడిన హక్కును అతని ప్రాణం మీదికి తెచ్చే అధికారం మనకు లేదు.

సఖీఫ్ తెగ ప్రతినిధులు మదీనాకు వచ్చినప్పుడు వారిలో ఒక కుష్ఠురోగి ఉన్నాడు. దైవప్రవక్త (స) అతని ప్రమాణాన్ని స్వీకరించామని, తిరిగి వెళ్లవచ్చునని కబురు పంపారు. ఇది సహీహ్ ముస్లింలో ఉన్నది. చేతిలో చేయి వేయకుండానే బైఅత్ పూర్తయింది, ఆ వ్యక్తి గౌరవానికి లోటు రాలేదు. అక్కడ దూరం పాటించినది రోగి నుంచి జనాన్ని కాపాడటానికి. మన విషయంలో అది తలకిందులైనది. మన నుంచి రోగిని కాపాడాలి. మనకు ఒక పూట ముక్కు కారించి వదిలివేసే జలుబు అతణ్ణి మళ్ళీ వేలూరు చేర్చగలదు, అక్కడికి చేరనివ్వకపోవచ్చు కూడా.

విధివ్రాత ఉంటే జరుగుతుంది, ఈ జాగ్రత్తలు ఈమాన్ బలహీనతకు గుర్తు అనే పెద్దలు మన మధ్య ఉన్నారు. వారిని మేము గౌరవిస్తాము, కాని ఈ మాటను అంగీకరించము. షామ్ దేశంలో ప్లేగు ఉన్నదని తెలిసి హజ్రత్ ఉమర్ (రజి) సర్గ్ అనే చోటి నుంచి వెనుదిరిగారు. అల్లాహ్ విధి నుంచి పారిపోతున్నారా అని అడిగినది సామాన్యుడు కాదు, హజ్రత్ అబూ ఉబైదా (రజి). అల్లాహ్ విధి నుంచి అల్లాహ్ విధి వైపుకే వెళుతున్నామని ఉమర్ (రజి) సమాధానమిచ్చారు. పచ్చిక ఉన్న వైపు ఒంటెలను మేపినా, బీడు వైపు మేపినా రెండూ ఆయన విధి ప్రకారమే కదా అని వివరించారు. తలుపు మూసుకోవటమూ తఖ్‌దీరే.

కాబట్టి అతని తండ్రి తలుపు దగ్గర నిలబడి చేతులు జోడించి ఇప్పుడు కాదు భాయి అంటే ఎవరూ నొచ్చుకోకండి. డబ్బున్నవారి ఆసుపత్రికి పోయి వచ్చి గర్వం నేర్చారన్న మాట ఇప్పటికే ఒకచోట విన్నాము. ఆ మాట అన్నవారు కూడా ఈ సఫ్‌లలోనే ఉండవచ్చు. ప్రహరీ బయట నుంచి సలాం చెప్పండి, దుఆ చేసి వెళ్లండి. ఫోను చేస్తే రెండు నిమిషాలు మాట్లాడండి. ఎంత ఖర్చయిందని అడగకండి. పూలు వద్దు, తెరిచి పెట్టిన మిఠాయి వద్దు, కోసిన పండ్లు అసలే వద్దు. హాజీలు తెచ్చిన జమ్‌జమ్ ఇవ్వాలనుకుంటే ఇవ్వండి, తల్లి దానిని మరిగించి చల్లార్చి తాగించుకుంటుంది. అలా మరిగించటంలో అగౌరవం లేదు. అతని ఫోటో తీసి వాట్సాప్‌లో తిప్పేవారికి మా విన్నపం ఒక్కటే, జుట్టు రాలిన ఆ ముఖాన్ని అతను తానే ఇంకా అద్దంలో సరిగా చూసుకోలేదు.

మస్జిద్ ముంగిట పాత గోడ కూల్చే పని ఉన్నది. ఆ దుమ్ములోని బూజు కూడా అతనికి ప్రమాదమే, ఇల్లు నాలుగు గడపల అవతలే. కమిటీవారు ఆ పనిని ఆరు నెలలు వాయిదా వేశారు. మేస్త్రీకి ఇచ్చిన బయానా పోతుందని కొందరు అభ్యంతరం చెప్పారు. పోనివ్వండి. అల్లాహ్ ఇంటి గోడ ఆరు నెలలు పాతదిగా ఉంటే అల్లాహ్‌కు లోటు లేదు. ఆ వీధివారు చెత్త తగులబెట్టటం ఆపండి, మురుగుకాలువ నిలవనీయకండి, మీ పిల్లల టీకాలు వాయిదా వేయకండి.

జుమాకు అతను కొన్ని మాసాలు రాడు. ఆసుపత్రికి నడవగలిగినవాడు మస్జిద్‌కు నడవలేడా అని అడగవద్దు. రోగిపై జుమా విధి కాదు. ఆరోగ్యంగా, ఇంటి పట్టున ఉన్నప్పుడు చేసిన ఆచరణల పుణ్యమే రోగికి, ప్రయాణికుడికి వ్రాయబడుతుందని బుఖారీ హదీసు ఉన్నది. మొదటి సఫ్‌లో కుడివైపు కిటికీ పక్కన అతను నిలబడే చోటు మీకు తెలుసు. అతను రాని శుక్రవారాలు కూడా ఆ చోటి పుణ్యం అతనికి అందుతూనే ఉంటుంది, ఇన్షా అల్లాహ్.

ఇక ఆ చెల్లెలి విషయం. మమ్మల్ని అన్నిటికంటే బాధపెట్టిన మాట ఇదే. ఆ అమ్మాయికి వచ్చిన సంబంధం ఒకటి వెనక్కి పోయింది. ఎముకల్లో సారం తీయించుకున్న పిల్ల రేపు పిల్లల్ని కంటుందా, ఇల్లు చూస్తుందా అని అబ్బాయి తరపువారు సందేహించారట. సోదరులారా, తోబుట్టువు మూలుగ పూర్తిగా సరిపోయే అవకాశం నాలుగింట ఒక వంతు మాత్రమే. ఆ ఇంటి ముగ్గురు పిల్లల్లో ఈమెది సరిపోయింది. సూదులంటే భయపడే పిల్ల అయిదు రోజులు ఇంజెక్షన్లు చేయించుకొని, కొన్ని గంటలు యంత్రం పక్కన పడుకొని ఆ కణాలు ఇచ్చింది. రక్తదానం చేసినట్టే ఆమె శరీరం వాటిని కొన్ని వారాలలో తిరిగి నింపుకుంటుంది. ఎముక అరగదు, గర్భానికి హాని లేదు, ఆయుష్షు తగ్గదు. నమ్మకం లేనివారు ఏ వైద్యుణ్ణయినా అడగండి.

ఇది ధర్మసమ్మతమేనా అన్నవారికి కూడా సమాధానం ఉన్నది. రక్తం, చర్మం వలె శరీరం తిరిగి పుట్టించుకొనే వాటిని, ఇచ్చేవారికి హాని లేనప్పుడు, మరొకరికి ఇవ్వవచ్చునని 1988లో జిద్దాలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్ అకాడమీ తీర్మానించింది. అమ్మటం మాత్రం నిషిద్ధం. దానివల్ల పాల సంబంధం వంటిదేదీ ఏర్పడదు. అతని రక్తవర్గం చెల్లెలి రక్తవర్గంగా మారిపోయినా వంశం మారదు, వారసత్వం మారదు. ఒక ప్రాణాన్ని నిలిపినవారు మానవజాతినంతటినీ నిలిపినట్టేనని మాయిదా సూరా బోధిస్తుంది. అటువంటి ఆడబిడ్డ మీ ఇంటికి కోడలిగా వస్తానంటే మీరు వెనుకాడతారా? కొడుకులున్న తల్లులు ఈ మాట వింటున్నారని ఆశిస్తున్నాము. ఆ అమ్మాయి విషయం మాట్లాడదలచినవారు నేరుగా మా దగ్గరకు రావచ్చు.

తోబుట్టువు దొరకనివారూ ఉన్నారు. 1958లో యుగోస్లావియాలోని వించా అణుకేంద్రంలో ప్రమాదం జరిగి ఆరుగురు తీవ్ర కిరణప్రసారానికి గురయ్యారు. వారిని పారిస్‌కు తరలిస్తే, ముఖం ఎరుగని ఫ్రాన్స్ దేశస్థులు అయిదుగురు తమ మూలుగను ఇచ్చారు. రోగులలో ఒకరు మరణించారు, మిగిలినవారు ఇల్లు చేరారు. ఈనాడు అటువంటి దాతల పేర్లు నమోదు చేసే సంస్థలు మన దేశంలోనూ ఉన్నాయి, చెన్నైలో 2009లో మొదలైన దాత్రి వాటిలో ఒకటి. చెంప లోపలి తడిని దూదిపుల్లతో తీసి ఇస్తే చాలు. మన యువకులు ఆలోచించాలి. ఈ మూడు మాసాలలో ప్లేట్‌లెట్లు ఇవ్వటానికి మన ఊరి నుంచి వేలూరు వెళ్లినవారిలో మగ్గం నేసే ఇళ్ల హిందూ సోదరులు కూడా ఉన్నారు. నిలవ ఉంచితే అయిదు రోజులకు మించి పనికిరానివి అవి, అందుకే ఒకరి తర్వాత ఒకరు వెళ్లారు. అల్లాహ్ వారికి మేలు చేయుగాక.

జకాత్ గురించి ఒక మాట. ఆ ఇంటివారికి సొంత ఇల్లు ఉన్నది, కుట్టు మిషన్లు రెండున్నాయి, వారికి జకాత్ ఎలా చెల్లుతుందని ఒకరు అడిగారు. ఉండే ఇల్లు, పనిముట్టు నిసాబ్ లెక్కలోకి రావు. మగ్గమైనా, మిషనైనా, ఆటో అయినా అంతే. పైగా ఇప్పుడు వారు అప్పులో ఉన్నారు. అప్పులపాలైనవారు, దారిలో చేతులు ఖాళీ అయినవారు, ఇద్దరూ ఖుర్‌ఆన్ పేర్కొన్న ఎనిమిది వర్గాలలో ఉన్నారు. రమజాను వరకు ఆగవద్దు. ఇంటికి వచ్చాక కూడా ప్రతి కొద్ది వారాలకు పరీక్షల కోసం వేలూరు ప్రయాణం ఉంటుంది, మందులు ఆగరాదు. ఇచ్చేది ఖజానా దగ్గర పేరు చెప్పకుండా ఇవ్వండి. ప్రయాణానికి కిక్కిరిసిన రైలు పనికిరాదు గనుక కారు ఉన్నవారు నెలకొకరు చొప్పున ముందుకు వస్తే మేలు. నమాజు తర్వాత ముఅజ్జిన్ సాహెబ్ దగ్గర పేరు వ్రాయించండి.

యా అల్లాహ్! హజ్రత్ అయ్యూబ్ (అలై) పాదం కింద చల్లని నీటి ఊటను పుట్టించినవాడవు నీవే. ఎండిన ఎముకలలో ఈ బిడ్డకు రక్తపు ఊటను తిరిగి పుట్టించినవాడవూ నీవే. దానిని నిలిపి ఉంచు. నూరు రోజులు నీళ్లు కాచిన ఆ తల్లి చేతులకు విశ్రాంతినివ్వు. ఆ చెల్లెలికి మంచి ఇంటిని ప్రసాదించు. వేలూరులో, హైదరాబాదులో, ముంబయిలో అద్దె గదుల్లో రోజులు లెక్కించుకుంటున్న రోగులందరినీ వారి వారి ఊళ్లకు క్షేమంగా చేర్చు. ఆమీన్.